సర్వర్ డౌన్ అంటే సరిపోదు

2017 జనవరి 31 రాత్రి. నెదర్లాండ్స్‌లో ఒక ఇంజనీరు ఇక కంప్యూటర్ కట్టేసి పడుకుందామనుకుంటున్న వేళ. ఆయన పనిచేసేది గిట్‌ల్యాబ్‌లో. ప్రోగ్రామర్లు తాము రాసిన కోడ్ దాచుకోవడానికి, నలుగురూ కలిసి దాని మీద పనిచేయడానికి వాడే సేవ అది. ఆ సాయంత్రం నుంచీ స్పామ్ తాకిడితో డేటాబేస్ మీద భారం బాగా పెరిగింది. అసలు డేటాబేస్ ఒక సర్వర్ మీద నడుస్తుంటే, దాన్ని ఎప్పటికప్పుడు చూసి రాసుకునే నకలు ఇంకో సర్వర్ మీద ఉంటుంది. భారం తట్టుకోలేక నకలు వెనకబడింది. దాన్ని మొదట్నుంచీ మళ్లీ తయారుచేయాలంటే ముందు దాని డేటా ఫోల్డర్‌ను తుడిచేయాలి. ఆయన తుడిచేయమని ఆదేశం కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలో తెలిసొచ్చింది, తన తెర మీద ఉన్నది నకలు సర్వర్ కాదు, అసలుదని. చటుక్కున ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీ డేటాలో మిగిలింది 4.5 జీబీ.

బ్యాకప్ ఉంటుంది కదా అని ఎవరైనా అనుకుంటారు. వాళ్లూ అలాగే అనుకున్నారు. డేటాబేస్ మొత్తాన్ని రోజుకోసారి ఫైలుగా తీసి అమెజాన్ స్టోరేజీలో పెట్టే ఏర్పాటు ఉంది. వెళ్లి చూస్తే అక్కడ ఏమీ లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ 9.2ది. రెంటికీ పొసగక ప్రతిసారీ పని మధ్యలోనే ఆగిపోతోంది. ఆగిపోతే ఈమెయిల్ వచ్చే ఏర్పాటూ ఉంది. కానీ ఆ మెయిళ్లకు ఉండాల్సిన డిజిటల్ సంతకం లేకపోవడంతో అందుకునే సర్వర్ వాటిని తిప్పికొడుతోంది. అంటే బ్యాకప్ లేదు, లేదని చెప్పే నాథుడూ లేడు. క్లౌడ్ సంస్థ ఇచ్చే డిస్క్ స్నాప్‌షాట్ సదుపాయాన్ని వేరే సర్వర్లకు పెట్టుకున్నారు గానీ డేటాబేస్ సర్వర్లకు పెట్టలేదు. చివరికి ఆదుకున్నది అదే ఇంజనీరు సుమారు ఆరు గంటల ముందు వేరే పరీక్ష కోసం తీసిపెట్టుకున్న ఒక స్నాప్‌షాట్. అది ఉన్న డిస్కులు నెమ్మదివి కావడంతో కాపీ చేయడానికే 18 గంటల దాకా పట్టింది. ఆ ఆరు గంటల్లో చేరిన సమాచారం మాత్రం తిరిగిరాలేదు. 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయి ఉంటాయని అంచనా వేశారు. ప్రోగ్రామర్ల కోడ్ వేరేచోట ఉండబట్టి బతికిపోయింది.

ఇంతవరకూ ఐటీలో పనిచేసేవాళ్లెవరికీ ఇది వింత కాదు. ఇలాంటి రాత్రులు ప్రతి కంపెనీకీ ఉంటాయి, బయటికి రావు, అంతే. గిట్‌ల్యాబ్ వాళ్లు చేసిన వింత పని ఏమిటంటే, ఇంజనీర్లు తమలో తాము రాసుకుంటున్న నోట్సును అప్పటికప్పుడు లోకానికంతటికీ తెరిచి పెట్టారు. ఏ ఆదేశం కొట్టారు, ఏ సర్వర్ మీద కొట్టారు, ఏ బ్యాకప్ ఎందుకు పనికిరాలేదు, ఇప్పుడు ఎంత శాతం కాపీ అయింది, అన్నీ అందులో కనబడుతున్నాయి. మరమ్మతు పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. ఒక దశలో సుమారు ఐదు వేల మంది చూశారు. తాము పెట్టుకున్న ఐదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ నమ్మదగ్గట్టుగా పనిచేయలేదని తమ చేత్తో తామే రాసుకున్నారు. తిట్టినవాళ్లు తిట్టారు. అంతకంటే ఎక్కువమంది సానుభూతి చూపారు, సలహాలిచ్చారు, వెళ్లి తమ బ్యాకప్‌లు ఉన్నాయో లేదో చూసుకున్నారు.

కొన్ని రోజుల తర్వాత వాళ్లు ప్రచురించిన పూర్తి నివేదిక ఇంకా విలువైనది. అందులో ప్రతి జవాబు మీదా మళ్లీ ‘ఎందుకు’ అని అడుగుతూ పోయారు. డేటా ఎందుకు పోయింది? బ్యాకప్ లేదు గనక. బ్యాకప్ ఎందుకు లేదు? పొసగని వెర్షన్ గనక. ఆ సంగతి ఎందుకు తెలియలేదు? మెయిళ్లు అందలేదు గనక. అసలు బ్యాకప్ పనిచేస్తోందో లేదో ఎవరూ ఎందుకు పరీక్షించలేదు? ఆ పని ఫలానావాళ్లదని ఎవరికీ అప్పజెప్పలేదు గనక. చూశారా, ఆదేశం తప్పు సర్వర్ మీద కొట్టిన మనిషి దగ్గర మొదలైన విచారణ, ఎవరికీ అప్పజెప్పని పని దగ్గరికి వచ్చి ఆగింది. నివేదికలో ఆ ఇంజనీరు పేరు లేదు. ఆయన ఉద్యోగమూ పోలేదు. దిద్దుబాట్ల జాబితాలో, డేటా భద్రతకు బాధ్యుణ్ని నియమించడం దగ్గర్నుంచి, ఏ సర్వర్ మీద ఉన్నామో చూడగానే తెలిసేలా తెర మీది ప్రాంప్టును మార్చడం దాకా ఉన్నాయి. నా మట్టుకు నాకు, పది పేజీల క్షమాపణ కంటే ఆ ప్రాంప్టు మార్పు మీదే ఎక్కువ నమ్మకం కుదిరింది. తప్పు సరిగ్గా ఎక్కడ జరిగిందో తెలిసినవాళ్లకే అంత చిన్న మార్పు తడుతుంది.

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో దీన్నే ఆర్సీఏ అంటారు, రూట్ కాజ్ అనాలిసిస్. రాత్రి షిఫ్టులో ప్రొడక్షన్ పడిపోతే తెల్లారేసరికి అమెరికాలో ఉన్న క్లయింటుకు ఆర్సీఏ పంపాలి. సపోర్ట్ ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్లకు దాని వరస తెలుసు. కారణం అన్న గడిలో ‘మానవ తప్పిదం’, చర్య అన్న గడిలో ‘సదరు ఉద్యోగికి మళ్లీ శిక్షణ ఇచ్చాం’. టికెట్ క్లోజ్. మూడు నెలల తర్వాత ఇంకో ఉద్యోగి చేతుల్లో అదే తప్పు. మానవ తప్పిదం అనడం అబద్ధం కాదు, కానీ అక్కడ ఆగితే తెలిసేది సున్నా. మనిషి పొరబడ్డా పని చెడకుండా ఆపాల్సింది ఏది, అది ఎందుకు ఆపలేదు అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు పొరబడిన మనిషి దగ్గరే ఉంటుంది. అతన్ని బెదరగొడితే ఆ జవాబు అతనితోనే పోతుంది.

ఈ సంగతి సాఫ్ట్‌వేర్‌వాళ్ల కంటే చాలా ముందే విమానాలవాళ్లు నేర్చుకున్నారు, ప్రాణాలు పోగొట్టుకుని. 1974 డిసెంబర్ 1న టీడబ్ల్యూఏ సంస్థ విమానం వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయంలో దిగబోతూ వర్జీనియాలో కొండను ఢీకొంది. అందులో ఉన్న 92 మందీ చనిపోయారు. దిగడానికి కంట్రోలర్ ఇచ్చిన అనుమతి ప్రకారం ఎంత ఎత్తుకు దిగొచ్చన్నది పైలట్లు ఒకలా, కంట్రోలర్లు మరోలా అర్థం చేసుకున్నారు. దర్యాప్తులో బయటపడ్డ సంగతి ఇంకా బాధాకరం. సుమారు ఆరు వారాల ముందే యునైటెడ్ సంస్థ విమానం ఒకటి అదే దారిలో, అదే అపార్థంతో కొండకు తగలబోయి త్రుటిలో తప్పించుకుంది. యునైటెడ్ తన పైలట్లను హెచ్చరించింది కూడా. ఆ హెచ్చరిక పక్క సంస్థ పైలట్ల దాకా వెళ్లే దారి అప్పట్లో లేదు. 1976లో నాసా నడిపే ఒక వ్యవస్థ వచ్చింది. పైలట్లు, కంట్రోలర్లు తమ పొరపాట్లను తామే రాసి పంపవచ్చు. పేర్లు తీసేసి, అందులోని పాఠాన్ని అందరికీ పంచుతారు. కావాలని చేసింది కానప్పుడు, పది రోజుల్లోగా రాసి పంపినవారికి జరిమానా నుంచి మినహాయింపు. అప్పటినుంచీ లక్షల నివేదికలు వచ్చాయి. తప్పు ఒప్పుకుంటే శిక్ష తప్పుతుందని మనుషులు మంచివాళ్లయిపోలేదు, సమాచారం రావడం మొదలైంది. ఈ పద్ధతినే 2012లో ఎట్సీ సంస్థలో జాన్ ఆల్‌స్పా సాఫ్ట్‌వేర్ లోకానికి ఒక వ్యాసంలో పరిచయం చేశాడు. ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ ఎవర్నీ నిందించని పోస్ట్‌మార్టం అని అంటున్నది దాన్నే. అనడం అందరూ అంటారు లెండి.

లోపాలను దాచిపెడితే అది ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి బ్రిటన్ పోస్టాఫీసుల కథను మించినది లేదు. ఫుజిట్సు తయారుచేసిన హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ 1999 నుంచి అక్కడి పోస్టాఫీసుల్లోకి వచ్చింది. ఊళ్లలో చిన్న దుకాణంతో పాటు పోస్టాఫీసు నడుపుకునే సబ్‌పోస్ట్‌మాస్టర్లు సాయంత్రం లెక్క చూసుకుంటే వేల పౌండ్లు తక్కువ చూపేది. ఒప్పందం ప్రకారం ఆ తేడా వాళ్లే కట్టుకోవాలని పోస్టాఫీసు అనేది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, ఇలాంటి ఇబ్బంది మీ ఒక్కరికే వస్తోంది అని చెప్పారని చాలామంది తర్వాత సాక్ష్యమిచ్చారు. ఇళ్లు అమ్ముకుని కట్టినవాళ్లున్నారు. కట్టలేనివాళ్ల మీద దొంగతనం, తప్పుడు లెక్కల కేసులు. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా దోషులయ్యారు. సర్రే ప్రాంతంలోని వెస్ట్ బైఫ్లీట్‌లో పోస్టాఫీసు నడిపిన సీమా మిశ్రాను 2010లో జైలుకు పంపినప్పుడు ఆమె గర్భవతి. ఆమె నిర్దోషి అని అప్పీల్ కోర్టు తేల్చేసరికి 2021 వచ్చింది.

సాఫ్ట్‌వేర్‌లో బగ్గులుండటం నేరం కాదు. బగ్గులు లేని సాఫ్ట్‌వేర్ అంటూ ఉండదు. ఇక్కడ కలవరపెట్టే సంగతి వేరే ఉంది. ఆ లోపాలన్నీ నమోదు చేసిన పట్టిక ఫుజిట్సు దగ్గర అప్పటికే ఉంది. దానికి ‘తెలిసిన లోపాల చిట్టా’ అనే పేరు కూడా ఉంది. స్కాట్లండ్‌లోని ఒక శాఖలో బయటపడ్డ లోపానికి ఆ శాఖ పేరే పెట్టి రాసుకున్నారు. ఇంజనీర్లకు తెలిసిన ఆ చిట్టా, బోనులో నిలబడ్డ మనిషికి అందలేదు. దూరం నుంచి ఎవరూ శాఖల లెక్కలను మార్చలేరని పోస్టాఫీసు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. మార్చగలమని ఫుజిట్సులో పనిచేసి బయటికొచ్చిన రిచర్డ్ రోల్ 2015లో బీబీసీకి చెప్పాడు. మాజీ సబ్‌పోస్ట్‌మాస్టర్ అలన్ బేట్స్ ముందు నిలిచి నడిపిన దావాలో 555 మంది చేరారు. 2019 డిసెంబర్‌లో హైకోర్టు హొరైజన్‌లో లోపాలున్నాయని తేల్చింది. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ 2024లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

లోపం చిన్నదా పెద్దదా అని తేల్చే హక్కు ఎవరిది? 1994లో ఇంటెల్ ఈ ప్రశ్న దగ్గరే బోల్తా పడింది. వర్జీనియాలో లించ్‌బర్గ్ కాలేజీ గణితం ప్రొఫెసర్ థామస్ నైస్లీ, పెంటియం చిప్ కొన్ని భాగహారాలు తప్పుగా చేస్తోందని పట్టుకున్నాడు. 41,95,835ను 31,45,727తో భాగిస్తే 1.33382 రావాలి, పెంటియం 1.33374 అనేది. భాగహారానికి చిప్ చూసుకునే పట్టికలోని 1,066 గడుల్లో ఐదింటిలో అంకెలు లేకపోవడమే కారణం. మామూలుగా లెక్కలు వేసుకునేవాడికి ఈ తప్పు 27 వేల ఏళ్లకు ఒకసారి ఎదురవుతుందని ఇంటెల్ వాదించింది, పెద్ద లెక్కలు చేస్తామని నిరూపించుకున్నవాళ్లకే చిప్ మారుస్తానంది. ఆ 27 వేల ఏళ్ల లెక్కలో నిజం ఉండొచ్చు. కానీ నా లెక్కలు నాకు ముఖ్యమా కాదా అన్నది ఇంటెల్ చెబుతానంటే ఎవరు ఊరుకుంటారు? ఐబీఎం ఆ చిప్ ఉన్న కంప్యూటర్ల అమ్మకం ఆపేసింది. డిసెంబర్ 20న ఇంటెల్ దిగొచ్చి అడిగినవారందరికీ మారుస్తానంది. ఖర్చు 47.5 కోట్ల డాలర్లు. ఆ తర్వాత ఇంటెల్ తన చిప్‌లలో దొరికిన లోపాల జాబితాలను తానే బహిరంగంగా ప్రచురించే అలవాటు చేసుకుంది.

ఇక 2024 జూలై 19, శుక్రవారం. మన గడియారం ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ ఒక చిన్న ఫైలును ప్రపంచంలోని తన విండోస్ కస్టమర్లకు పంపింది. 10:57కల్లా వెనక్కి తీసుకుంది. ఆ 78 నిమిషాల్లో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. శంషాబాద్‌లో ఇండిగో సిబ్బంది పెన్ను పట్టి బోర్డింగ్ పాస్‌లు రాసిచ్చారు. కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడు పెట్టిన అలాంటి పాస్ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. తప్పుడు ఫైలును వెనక్కి తీసుకున్నా లాభం లేకపోయింది. ఈ భద్రతా ప్రోగ్రామ్ కంప్యూటర్ లేస్తూనే లేస్తుంది, లేవగానే పడిపోతుంది. ఎవరో ఒకరు ప్రతి యంత్రం దగ్గరికీ వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చేత్తో తీసేయాలి.

సంస్థ తొలి మాటల్లో క్షమాపణ లేదు, ఇది సైబర్ దాడి కాదన్న వివరణే ఉంది. దానికి విమర్శలు వచ్చాక అదే రోజు అధినేత జార్జ్ కర్ట్జ్ టీవీలో క్షమించమన్నాడు. తర్వాత భాగస్వాములకు 10 డాలర్ల ఊబర్ ఈట్స్ కూపన్లు పంపారు. ఒకేసారి అంతమంది వాడేసరికి ఊబర్ దాన్ని మోసమనుకుని కొన్నింటిని రద్దు చేసింది. ఇంతకంటే హాస్యం ఎవరూ కల్పించలేరు.

వాళ్లను కాస్తయినా నిలబెట్టింది ఆగస్టు 6న వచ్చిన నివేదిక. దాని సారాంశం ఇది. వాళ్ల ప్రోగ్రామ్‌లో దాడుల ఆనవాళ్లను పోల్చే ఒక నమూనాకు 21 అంశాలు కావాలని రాసి ఉంది. వాటిని అందించే కోడ్ 20 మాత్రమే ఇస్తోంది. 20 బోగీలే ఉన్న రైలుకు 21వ బోగీలో బెర్తు రాసిచ్చినట్టు. ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఇది బయటపడలేదు. ఎందుకంటే అన్నాళ్లూ ఆ 21వ అంశం దగ్గర ‘ఏదైనా సరే’ అని ఉండేది, దాన్ని ఎవరూ తెరిచి చూడాల్సిన అవసరం రాలేదు. పరీక్షలు కూడా ‘ఏదైనా సరే’తోనే చేశారు. జూలై 19 ఫైలు మొదటిసారిగా ఆ 21వ దాన్ని నిజంగా పోల్చమంది. ప్రోగ్రామ్ లేని చోటికి వెళ్లి చదవబోయింది. మామూలు యాప్ అయితే అది ఒక్కటే మూతపడేది. ఇది పనిచేసేది విండోస్ గర్భగుడిలాంటి కెర్నెల్‌లో కాబట్టి కంప్యూటర్ మొత్తం ఆగిపోయింది. ఫైలును ముందుగా సరిచూడాల్సిన ప్రోగ్రామ్‌లోనూ లోపం ఉండి, అదీ బాగుందని ముద్ర వేసింది.

కస్టమర్లు ఉలిక్కిపడ్డ సంగతి మాత్రం ఇంకొకటి. చాలా కంపెనీలు జాగ్రత్త కోసం కొత్త వెర్షన్ వచ్చిన వెంటనే వేసుకోకుండా ఒక వెర్షన్ వెనక ఉండేలా పెట్టుకున్నాయి. ఆ జాగ్రత్త ప్రోగ్రామ్ వెర్షన్లకే వర్తిస్తుంది, ఇలా రోజూ వచ్చే చిన్న ఫైళ్లకు వర్తించదని వాళ్లకు ఆ రోజే తెలిసింది. ఆ ఫైళ్లు అందరికీ ఒకేసారి వెళ్లిపోయేవి. ఇకమీదట విడతలవారీగా పంపుతామని, ఎప్పుడు తీసుకోవాలో కస్టమరే నిర్ణయించుకునే వీలిస్తామని నివేదికలో రాశారు. అంశాల లెక్క తప్పకుండా చూసే కాపలా కోడ్‌ను జూలై 25న ఒకచోట, 27న ఇంకోచోట పెట్టామని తేదీలతో చెప్పారు. బయటి సంస్థలు రెండింటిని పిలిచి కోడ్ చూపిస్తామన్నారు. ఆగస్టులో లాస్‌వేగాస్‌లో హ్యాకర్లు ఏటా ఎగతాళిగా ఇచ్చే ఘోర వైఫల్య పురస్కారాన్ని క్రౌడ్‌స్ట్రైక్ అధ్యక్షుడు మైకేల్ సెంటోనాస్ స్వయంగా వేదికెక్కి అందుకున్నాడు. సెప్టెంబర్‌లో సంస్థ ప్రతినిధి అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు కూర్చున్నాడు.

మరి నమ్మకం తిరిగొచ్చిందా? ఆ తర్వాతి త్రైమాసికంలో కస్టమర్ల నుంచి వచ్చే ఆదాయంలో 97 శాతం నిలుపుకున్నామని సంస్థ ప్రకటించింది. దాన్ని నేను పూర్తిగా లెక్కలోకి తీసుకోను. ఏళ్ల ఒప్పందాలున్నప్పుడు, వేల కంప్యూటర్లలో భద్రతా సాఫ్ట్‌వేర్ మార్చడం కష్టమైనప్పుడు, ఉండిపోవడం వేరు, నమ్మడం వేరు. సుమారు 7,000 విమానాలు రద్దు చేసుకున్న డెల్టా తనకు 50 కోట్ల డాలర్ల నష్టమంటూ కోర్టుకే వెళ్లింది. నివేదిక ఆ దావాను ఆపలేదు, ఆపాల్సిన పనీ లేదు. అది చేసింది ఇంకొకటి. 20కీ 21కీ మధ్య ఉన్న తేడాను చదివిన ప్రతి సాఫ్ట్‌వేర్ సంస్థా తన కోడ్‌లో అలాంటిది ఉందేమో వెతుక్కునే వీలు కల్పించింది. 1974లో యునైటెడ్ హెచ్చరిక వెళ్లలేని చోటికి ఇది వెళ్లింది.

అన్నీ వెంటనే చెప్పేయాలని కాదు. దొంగలు దూరే కంత ఎక్కడుందో మూసేలోపే చాటింపు వేస్తే ముందు వచ్చేది దొంగే. అందుకే గూగుల్ భద్రతా పరిశోధకుల బృందం ఎవరి సాఫ్ట్‌వేర్‌లోనైనా కంత కనిపెడితే సరిదిద్దుకోవడానికి 90 రోజుల గడువిచ్చి ఆ తర్వాతే దాని వివరాలు బయటపెడుతుంది. గడువు ఉంది కాబట్టే కంపెనీలు కదులుతాయి కూడా.

మన దగ్గర లెక్క వేరే. యూపీఐలో డబ్బు కట్ అయి అవతలికి చేరనప్పుడు, బ్యాంకులోనో మీసేవలోనో క్యూలో నిలబడ్డప్పుడు, మనకు వినబడేది ఒక్కటే మాట, ‘సర్వర్ డౌన్ అండీ’. ఏ సర్వర్, ఎందుకు, మళ్లీ కాకుండా ఏం చేశారు అని అడిగే అలవాటు మనకూ లేదు. నియంత్రణ సంస్థలు అడుగుతాయి. పదే పదే డిజిటల్ సేవలు ఆగిపోతున్నాయని రిజర్వ్ బ్యాంక్ 2020 డిసెంబర్‌లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వడాన్ని, కొత్త డిజిటల్ సేవలు మొదలుపెట్టడాన్ని ఆపింది. ఆ ఆంక్షలు పూర్తిగా తొలగేసరికి 2022 మార్చి అయింది. సైబర్ ఘటన జరిగితే ఆరు గంటల్లో తనకు చెప్పాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో నిబంధన పెట్టింది. ఈ రెండింటిలోనూ కంపెనీ జవాబు చెప్పేది ప్రభుత్వ సంస్థలకు, ఖాతాదారుకు కాదు. వ్యక్తిగత సమాచారం బయటికి పొక్కితే ఆ సమాచారం ఎవరిదో వాళ్లకు కూడా చెప్పాలని 2023 డేటా రక్షణ చట్టం అంటోంది. అది సమాచారం పొక్కినప్పటి మాట. సేవ ఆగిపోయినప్పుడు, లెక్క తప్పినప్పుడు ఖాతాదారుకు కారణం చెప్పాలని అందులో లేదు.

మన దగ్గర తెరిచి పెట్టిన లెక్క ఒకటుంది, దాన్ని చూసేవాళ్లే తక్కువ. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ తన వెబ్‌సైట్‌లో ప్రతి నెలా బ్యాంకులవారీగా యూపీఐ పట్టిక పెడుతుంది. పిన్ తప్పు కొట్టడం, ఖాతాలో డబ్బు లేకపోవడం లాంటివాటితో ఆగినవి ఒక వరసలో, బ్యాంకు వైపో ఎన్‌పీసీఐ వైపో సాంకేతిక కారణాలతో ఆగినవి ఇంకో వరసలో శాతాలతో ఉంటాయి. మీ బ్యాంకు పేరు వెతికి, నాలుగు నెలల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎంత శాతం ఆగిపోయాయో తెలుస్తుంది. ఎందుకు ఆగిపోయాయో రాసే వరస మాత్రం ఆ పట్టికలో లేదు.